వంతెన దాటిన గొర్రె బరువు

వంతెన దాటి కజాకుల గట్టున కాలు మోపిన గొర్రె నాలుగు కిలోలు బరువెక్కుతుంది. సరిహద్దు ఏటికి ఇవతలున్న ఆక్‌కెచూ ఊళ్లో ఈ సంగతి నమ్మనివాడు లేడు. పశువైద్యుడు నమ్మాడు. ఇమాము దేవుడి కృప అని నమ్మాడు. దేవుణ్ణే నమ్మని ట్రాక్టరు మెకానిక్కు మార్కెట్టు మహిమ అని నమ్మాడు.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. రెండు గట్ల మీదా ప్రభుత్వపు కాటాలు ఉన్నాయి. ఈవైపు గొర్రెను తూచి చీటీ ఇస్తారు. ఆవైపు మూడు గంటలు దొడ్లో నిలబెట్టి, జబ్బేదీ లేదని తేల్చుకుని, మళ్లీ తూచి ఇంకో చీటీ ఇస్తారు. సుంకాలు ఎత్తేసి ఏటి మీద కొత్త వంతెన కట్టిన వేసవి నుంచీ ఊళ్లో వాళ్లు ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. ఇందులో యాభై ఉంటే అందులో యాభై నాలుగు. ఏదో ఒక్క గొర్రెకు, ఏదో ఒక్క రోజున జరిగింది కాదు. ప్రతి బుధవారం సంతలోనూ ఇదే.

"సుంకమనే బరువు దించారంటే గొర్రె తేలికవ్వాలి గదా, పెరగడమేంటి?" అని ఎసెన్‌కుల్ ఒకసారి టీ కొట్టులో అడిగాడు.

"ఆ బరువు మోసింది గొర్రె కాదు ఆగాయ్, మనం," అన్నాడు మెకానిక్కు. "మన మీంచి దిగింది, దాని మీదికి ఎక్కింది. ఏదీ నాశనం కాదు, రూపం మారుతుందంతే అని ఎనిమిదో క్లాసులో చెప్పింది మీరేగా."

ఎసెన్‌కుల్ ఆ ఊరి బడిలో ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఊరంతా ఆయన్ని ఆగాయ్, అంటే మాస్టారు, అనే పిలిచేది. చెప్పిన పాఠం ఇన్నేళ్లకు తిరిగొచ్చి ఇలా తగులుతుందని ఆయన ఊహించలేదు. టీ తాగి లేచి వచ్చేశాడు.

నమ్మకం నమ్మకంగా ఉన్నంతకాలం ఆయనకు పేచీ లేదు. దెయ్యాలను నమ్మే ఊరు కూడా పొద్దున లేచి పాలు పితుక్కుంటుంది. కాని ఈ నమ్మకం మీద బ్యాంకు అప్పులివ్వడం మొదలుపెట్టింది.

లోను ఆఫీసరు జానిష్ ఒకప్పుడు ఎసెన్‌కుల్ శిష్యుడే. భౌతికశాస్త్రంలో రెండుసార్లు తప్పినవాడు. "మూడు గంటల్లో ఎనిమిది శాతం పెరిగే ఆస్తి ప్రపంచంలో ఇంకెక్కడుంది ఆగాయ్? బంగారం పెరుగుతుందా? డాలరు పెరుగుతుందా?" అనేవాడు. రెండు చీటీలు చూపిస్తే చాలు, ఆ ఇంటి వాళ్లు ఎగుమతిదారులు. వాళ్లకు అప్పు పుడుతుంది. మొదటి అప్పు వాయిదాలు రెండో అప్పులోంచి కట్టుకోవచ్చు. ఊళ్లోకి మంచాలంత టీవీలు వచ్చాయి. కుళాయి నీళ్లు రాని ఇళ్లకు బట్టలుతికే మిషన్లు వచ్చాయి. ఆడవాళ్లు కొన్నాళ్లు వాటి చుట్టూ తిరిగి, చివరికి వెన్న చిలకడానికి పెట్టుకున్నారు. వెన్న బాగా వచ్చింది. అదీ స్వేచ్ఛా వాణిజ్యం ఖాతాలోనే పడింది.

వేసవి నడుమ రాజధాని నుంచి ఒక ఆర్థిక నిపుణుడు వచ్చి, పాత కల్ఖోజు, అంటే సమిష్టి వ్యవసాయ క్షేత్రం, క్లబ్బులో గోడకు పటం తగిలించి ఉపన్యసించాడు. దేశంలో ఉన్న గొర్రెలన్నీ ఒక్కసారి ఈ వంతెన దాటితే జాతీయ సంపద ఎంత పెరుగుతుందో ఎర్రగీతతో చూపించాడు. గీత పటం దాటి గోడ మీదికి పోయింది.

"తిరిగి తీసుకొచ్చి మళ్లీ దాటిస్తే ఇంకో నాలుగు పెరుగుతుందా అండీ?" అని ఎసెన్‌కుల్ లేచి అడిగాడు.

ఆయన ఉద్దేశం వెటకారం. నిపుణుడు మాత్రం పుస్తకం తీసి రాసుకున్నాడు. ఊరివాళ్లకు రాసుకునే ఓపిక కూడా లేదు. మెకానిక్కు మర్నాడే తన పొట్టేలును దాటించి, అమ్మకుండా వెనక్కి తోలుకొచ్చి, తెల్లవారి ఈ గట్టున మళ్లీ తూయించాడు. నాలుగు కిలోలూ పోయాయి. ఈ కబురు ఫోనులో విన్న నిపుణుడు ఏమాత్రం తొణకలేదు. "అదే దిగుమతి నష్టం. దేశానికి ఎప్పుడూ జరిగేదే. మొదటిసారి కంటికి కనిపించింది," అన్నాడట.

ఇంతవరకూ ఎసెన్‌కుల్ నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఒక సోమవారం పొద్దున ఆగిపోయింది. చెల్లెలు బురుల్ ఇంటికి వెళ్లేసరికి ఆమె టీ బల్ల మీద ఇంటి కాగితాలు పరిచి పెట్టుకుని ఉంది.

"గురువారం సంతకం," అంది ఆమె టీ పోస్తూ. "ఇల్లు తనఖా. నలభై గొర్రెలు వస్తాయి. దాటిస్తాను, చీటీలు తెస్తాను, ఆ చీటీల మీద ఇంకో నలభై."

ఆ ఇల్లు బురుల్, చనిపోయిన ఆమె భర్త కలిసి పదకొండు వేసవులు ఇటుకలు పోసి కట్టుకున్నది. ఏ గోడ ఏ ఏడు లేచిందో ఎసెన్‌కుల్‌కు కూడా తెలుసు.

"గొర్రె బరువు పెరగదు, బురుల్."

"పెరుగుతోందిగా. చీటీలున్నాయి."

"పెరగదంటున్నాను."

"అన్నయ్యా, నువ్వు నా చిన్నప్పట్నుంచీ 'లేదు' అనే చెబుతున్నావు. దెయ్యం లేదు, దిష్టి లేదు, ఏట్లో పెద్దపాము లేదు. సరే, లేవు. కాని ఈ నాలుగు కిలోలు ఉన్నాయి. కాటా చెబుతోంది. లేదనడం కాదు, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూపించు. చూపిస్తే సంతకం పెట్టను."

న్యాయమైన మాట. తన విద్యార్థులెవరూ ఇంత సరిగ్గా అడగలేదని ఎసెన్‌కుల్ అనుకున్నాడు. చేతిలో మూడు రోజులున్నాయి.

సోమవారం సాయంత్రమే బడి వ్యాయామశాల నుంచి ఇరవై నాలుగు కిలోల పిడిగుండు సైకిలు మీద కట్టి తెచ్చి ఈ గట్టున తూయించాడు. ఆ గట్టున తూయించాడు. రెండుచోట్లా ఇరవై నాలుగే. కాటాలు నిక్కచ్చిగా ఉన్నాయి.

"ఇనుముకి ఆశేముంటుంది ఆగాయ్?" అన్నాడు వంతెన కాపలావాడు. "గొర్రెకి ప్రాణముంది. మంచి ధర పలికే చోటికి వచ్చానని దానికి తెలుస్తుంది."

ప్రాణమున్నదాన్నే తూచాలన్నమాట. మంగళవారం ఎసెన్‌కుల్ తనే కాటా ఎక్కాడు. ఈ గట్టున డెబ్బై ఒకటి. వంతెన దాటాడు. ఆవలి గట్టు మీద గొర్రెలు కొనే ఓరిన్‌బాయ్ ఇల్లు దొడ్డికి ఎదురుగానే. గడప ముందు నుంచి పోతున్న మనిషిని లోపలికి పిలవకపోవడం ఓరిన్‌బాయ్ వంశంలో లేదు. పిలిచినవాణ్ణి కాదనడం ఎసెన్‌కుల్ వంశంలో లేదు. ఉడికిన మాంసం, దాని పులుసు, నూనెలో వేయించిన పిండిముద్దలు బోర్సోకులు, ఐదు గిన్నెల టీ అయ్యాక వెళ్లి కాటా ఎక్కితే డెబ్బై రెండున్నర.

కబురు ఆయనకంటే ముందు వంతెన దాటింది. ఆయన ఊరు చేరేసరికి టీ కొట్టు ముందు జనం లేచి నిలబడి స్వాగతం చెప్పారు.

"ఆగాయ్ కూడా పెరిగాడు," అన్నాడు మెకానిక్కు. "కిలోన్నరే. పింఛనుదారు కదా, పాపం."

"చిక్కిన అల్లుడికి ఇంక మందులెందుకు, కజాకుల గట్టుకి పంపేస్తా," అంది ఒక ముసలామె.

జానిష్ మాత్రం గౌరవంగా చెయ్యి కలిపాడు. "మీరు స్వయంగా నిరూపించారు. మా పై ఆఫీసుకి రాస్తాను," అన్నాడు.

ఆ రాత్రి ఎసెన్‌కుల్‌కు సిగ్గుతో నిద్ర పట్టలేదు. తన పొట్టలోని కిలోన్నర ఎక్కడిదో ఆయనకు తెలుసు. అది ఓరిన్‌బాయ్ భార్య వండింది. గొర్రెకు ఎవరు వండుతారు? ఆలోచించగా ఆయనకు ఒక్కటి తట్టింది. ఊళ్లో వందమందిని ఆ మూడు గంటల గురించి అడిగితే వందమందీ ఓరిన్‌బాయ్ ఇంటి భోజనం గురించే చెప్పేవారు. దొడ్లో గొర్రెల దగ్గర కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. అతిథిని ఎండలో గొర్రెల మధ్య కూర్చోనివ్వడం ఓరిన్‌బాయ్‌కి అవమానం. అంత మంచి మనిషిని అవమానించడం ఊరికి అవమానం.

బుధవారం పొద్దున బురుల్ తనకున్న ఒక్క పొట్టేలునూ తోలుకుని వచ్చింది. జానిష్ ముందుగానే ఇచ్చిన కలం ఆమె జేబులో ఉంది. ఎసెన్‌కుల్ చేతిలో బడి ప్రయోగశాల నాటి బకెట్టు ఉంది. లోపల లీటరుకొక నల్లగీత.

"నిన్న మధ్యాహ్నం నుంచీ దీనికి ఏం పెట్టావు?"

"అందరూ పెట్టేదే. ఎండుగడ్డి. నీళ్లు చూపించలేదు. తాగితే వంతెన మీద పాడు చేస్తుంది. కాపలావాడు మోకాళ్ల మీద కూర్చోబెట్టి కడిగిస్తాడు. పోయిన నెల ఇమాముతోనే కడిగించాడు."

ఈ గట్టున పొట్టేలు యాభై ఒకటి తూగింది. వంతెన దాటగానే ఎసెన్‌కుల్ ఆవలి కాటావాణ్ణి బతిమాలి మళ్లీ తూయించాడు. యాభై ఒకటి.

"ఇప్పుడే వచ్చిందిగా," అంది బురుల్. "కొంచెం అలవాటు పడనీ."

ఓరిన్‌బాయ్ గడపలోంచి చెయ్యి ఊపాడు. అప్పటికే ఊరివాళ్లు పది మంది గొర్రెలను దొడ్లోకి తోలి లోపలికి నడుస్తున్నారు. ఎసెన్‌కుల్ కదలలేదు. బకెట్టును పదో గీత వరకూ నీళ్లతో నింపి, పొట్టేలును దొడ్లోని నీళ్ల తొట్టికి దూరంగా గుంజకు కట్టి, బకెట్టు దాని ముందు పెట్టి, తను ఒక పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఏం ఆగాయ్, నిన్నటి మాంసం ఉడకలేదా?" అంటూ వచ్చాడు ఓరిన్‌బాయ్. ముఖంలో నొప్పి దాచుకోలేదు.

"ఉడికింది ఓరిన్‌బాయ్. బాగా ఉడికింది. ఈ పూట నేను పొట్టేలు దగ్గర కూర్చోవాలి."

"పొట్టేలు నా కన్నా దగ్గరి చుట్టమా?"

"అన్నయ్యా, పరువు తీయకు," అంది బురుల్ గొంతు తగ్గించి.

"చూపించమన్నది నువ్వే. కూర్చో."

ఆమె కాసేపు నిలబడింది. తర్వాత ఇంకో పెట్టె బోర్లించుకుని కూర్చుంది. ఓరిన్‌బాయ్ ఇద్దరినీ చూశాడు, ఆకాశం చూశాడు, వెనక్కి వెళ్లిపోయాడు. కోపగించుకున్నాడేమో అని ఎసెన్‌కుల్ బాధపడుతుండగానే, లోపలి నుంచి చుట్టిన గుడ్డలు, గిన్నెలు, టీ నీళ్లు కాచే సమోవారు, ఉడుకుతున్న పెద్ద పాత్ర, వాటి వెనక అతిథులంతా వరసగా దొడ్లోకి వచ్చారు. అతిథి ఇంట్లోకి రాకపోతే ఇల్లే అతిథి దగ్గరికి రావాలని ఓరిన్‌బాయ్ తీర్మానించాడు. గొర్రెల మధ్య విందు గుడ్డ పరిచారు. ఒక గొర్రె రొట్టె ఎత్తుకుపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

"వ్యాపారం మారింది, ఆచారాలూ మారాలి," అన్నాడు మెకానిక్కు మాంసం అందుకుంటూ.

ఆ మూడు గంటలూ ఊరంతా దొడ్లోనే ఉంది. ఎండ మండింది. వాళ్ల గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్లాయి, వచ్చాయి, మళ్లీ వెళ్లాయి. మనుషులంతా తొట్టికి వీపు పెట్టి కూర్చున్నారు, ఎందుకంటే భోజనం ఇటువైపు ఉంది. మధ్యలో మెకానిక్కు లేచి, దేశం బరువు పెరగాలని కోరుతూ నాలుగు మాటలు చెప్పాడు. బురుల్ ఒక్కతే భోజనం వైపు తిరగలేదు. ఆమె పొట్టేలునే చూస్తూ కూర్చుంది. గిన్నెలో టీ చల్లారిపోయింది.

రెండింటికి కాటావాడు పిలిచాడు. పొట్టేలు యాభై ఐదు తూగింది.

"నాలుగు," అన్నాడు మెకానిక్కు తృప్తిగా. "చూశారా ఆగాయ్, మీరు కళ్లార్పకుండా కాపలా కాసినా ఆగలేదు."

బురుల్ చీటీ అందుకుంది. ఓరిన్‌బాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పొట్టేలు కొవ్వు తోకను అరచేతిలో తూకం చూశాడు.

"ఎన్ని కిలోలకి లెక్కగడుతున్నావు, అన్నా?" అని అడిగింది ఆమె.

"కిలోలేంటమ్మా? తోక పట్టుకుని చూసి తలకి ఇంత అని ఇస్తాను. మా తాత కూడా అంతే. ఆ కాటా మీ ప్రభుత్వాల సరదా."

"అంటే యాభై ఒకటైనా, యాభై ఐదైనా..."

"తోక అదేగా."

 బురుల్ పొట్టేలును అమ్మనని చెప్పి తాడు చేతికి చుట్టుకుంది. తర్వాత జేబులోంచి కలం తీసి అన్న చేతిలో పెట్టింది.

"ఇది జానిష్‌ది. రేపు నేను రావడం లేదని చెప్పి ఇచ్చెయ్."

"కారణం అడుగుతాడు."

"బకెట్టు కూడా పట్టుకెళ్లు."

ఎసెన్‌కుల్ వంగి బకెట్టులోకి చూశాడు. పొద్దున పదో గీత దగ్గరున్న నీళ్లు ఆరో గీత దగ్గరున్నాయి. లీటరు నీళ్లు ఒక కిలో తూగుతాయి.