పోగు తెంపని చెయ్యి

మూడో వల దగ్గరికి వచ్చేసరికి మాదన్న మోకాళ్లు మొరాయించాయి. తెల్లవారకముందు నుంచీ అరగంటకోసారి ఇదే నడక. తుంగభద్ర కాలువ ఊటనీళ్లు నిలిచిన మడుగు, పిక్కలదాకా బురద, తలకు మించిన జమ్ము, దాని మధ్య కంటికి ఆనని సన్న నైలాన్ వలలు. వాటిలో పడ్డ పిట్టలను ఈక నలగకుండా విడిపించి, గుడ్డసంచిలో వేసి, గట్టు మీదున్న మౌనికకు అందించాలి.

మౌనిక పత్తికొండ పిల్ల, కర్నూలులో పరిశోధన చేస్తోంది. పిట్ట రెక్క కింద సూదిమొనతో గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు గాజుపలక మీద పూసుకుని, గుర్తుకు కాలికి అంకెల కడియం నొక్కి వదిలేస్తుంది. దోమ కుట్టి మనకు మలేరియా వచ్చినట్టే పిట్టల నెత్తురులోనూ పురుగు చేరుతుందట. ఆ మాట విన్నరోజు మాదన్న భార్య భాగ్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మన నెత్తురు సూసే దిక్కు ల్యాకపాయ, పిట్టలకు పరీచ్చలంట!"

కూలీలు దొరక్క కాదు, మౌనిక ఏరికోరి మాదన్నను పెట్టుకుంది. నలభై ఏళ్లు ఎమ్మిగనూరులో గుంటమగ్గం మీద ఆడిన వేళ్లు అవి. మగ్గం అమ్మేసి మూడేళ్లయింది. ఆ గుంట పూడ్చి భాగ్యమ్మ పొయ్యి పెట్టుకుంది. వేళ్లు మాత్రం ఇంకా పోగులనే వెతుక్కుంటాయి, పాపం! చిక్కు తీసేవాడే నేతగాడు, తెంపేవాడు కాదని తండ్రి మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. అందుకే రెండు శీతాకాలాలుగా, అవసరమైతే వల కోయమని మౌనిక ఇచ్చిన కత్తెర అతని జేబు దాటలేదు. అతని చేతిలో ఒక్క పిట్టా చావలేదు. ఆ మాట చెప్పుకునేటప్పుడే ముసలాయన నడుం కాస్త నిటారవుతుంది.

మూడో వలలో గోధుమరంగు జమ్ముపిట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. రెక్క కింద రెండు మెలికలు, నాలుకకు ఒక పోగు. వేరే పిట్టలైతే పొడుస్తాయి, గింజుకుంటాయి. ఇది ఊరికే కళ్లు మూసి తెరుస్తోంది.

మౌనిక గట్టు దిగి వచ్చింది. "అన్నా, అది శానా నీరసంగా ఉండాది. వల పోతే పోనీ, కత్తిరించెయ్."

"ఉండమ్మా. రెండే సిక్కులు. వచ్చేస్తాండాది."

రెక్క విడింది. ఎండ జమ్ము మీదికెక్కింది.

"అన్నా!" అంది మౌనిక మళ్లీ.

"ఇదో, అయిపాయ."

చివరి పోగు నాలుక మీంచి జారింది. వల ఎక్కడా తెగలేదు. పిట్ట తల మాత్రం అతని వేళ్ల మధ్య పక్కకు వాలిపోయింది.

మాదన్న నోటితో ఊదాడు. రొమ్ము మీద బొటనవేలు ఆనించి చాలాసేపు చూశాడు. ఏమీ కదల్లేదు.

మౌనిక తిట్టలేదు. గట్టు మీద నెత్తురు తీసి చూసింది. "నీళ్లమాదిరి ఉంది, అన్నా. రోగం ముదిరినట్టుంది. ఎట్లైనా బతికేది కాదేమో."

"బతికేదేమో గదమ్మా," అన్నాడు మాదన్న. "నేను పోగును సూసినా. పిట్టను సూడల్యా."

బురదచేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "రేపటికి ఇంకొకర్ని సూసుకో తల్లీ." మౌనిక రెండుసార్లు పిలిచింది. అతను కాలువగట్టు పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ ఎమ్మిగనూరు వైపు వెళ్లిపోయాడు.

ఆ పిట్ట కాలికి తొడగాలని తీసిపెట్టిన అంకెల అల్యూమినియం కడియం, మెతుకంత లేదు, ఇంకా నొక్కకుండా గట్టు మీది మౌనిక బల్లపై తెరిచినట్టే ఉంది.