అత్తగారి దవడతో డ్రాగన్

పళ్ళాయనకి ఆ పేరు ఊరికే రాలేదు. దంతవైద్యులు పంపే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన పని. ఆదివారం వస్తే మాత్రం ఆయన గుహలు కడతాడు. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్‌ని రాళ్ళలా చెక్కి, బూడిదరంగు పూసి, భోజనాల బల్ల మీద పరుస్తాడు. బావమరిది, ఎదురింటి బస్సు డ్రైవరు వచ్చి చుట్టూ కూర్చుంటారు. గుహలో ఏముందో ఈయన చెబుతాడు, తమ చిన్న బొమ్మల్ని అందులో జరుపుతూ తామేం చేస్తామో వాళ్ళు చెబుతారు, మిగతాది పాచికలు తేలుస్తాయి. ఆ ఆటలో మందుల షాపు నడిపే బావమరిది మాంత్రికుడు. డ్రైవరు ఖడ్గవీరుడు.

ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ ఏ రాక్షసిని చూసీ జడిసిన పాపాన పోలేదు. అది ఆయన మనసులో ముల్లులా గుచ్చుకునేది. ఈసారి మాత్రం గుండెలు జారిపోయే డ్రాగన్‌ని చేయాలని పంతం పట్టాడు. గుడ్ల అట్టలతో ఒళ్ళు కట్టి, పొలుసులకి పిస్తా పెంకులు ఒక్కొక్కటే అతికించాడు. నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దవడకి కొలత కావాలి. పనిబల్ల మీద చూస్తే అత్తగారి దవడ అచ్చు కనబడింది. ఆవిడకి కొత్త పళ్ళ సెట్టు తయారవుతోంది. అచ్చు ఎలాగూ ఉంది కదా అని, దాని మీదే ఇంకో సెట్టు పోసి, వేలెడు కోరలు రెండు పెట్టాడు.

రెండు సెట్లూ ఒకలాంటి డబ్బాల్లోనే పెట్టాడు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, భార్య చేతికందిన డబ్బా తీసుకెళ్ళి తల్లికి ఇచ్చేసింది.

ఆయన మిగిలిన డబ్బా తెరిచాడు. ముత్యాల్లాంటి చిన్న చిన్న పళ్ళు. వెంటనే ఫోన్ చేశాడు.

"అత్తయ్య గారూ, పళ్ళు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నా బాబూ. భలే కుదిరాయి."

"అద్దంలో చూసుకున్నారా?"

"అద్దమెందుకు, పైవాటావాణ్ణి చూశాగా! వాడి బాత్‌రూమ్ నీళ్ళు నా గోడ మీదకి కారుతున్నాయని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నా? ఇవాళ మెట్ల మీద ఎదురుపడితే, పోనీలే మంచిగా అడుగుదామని కాస్త నవ్వా. అంతే, గంటలో ప్లంబర్ వచ్చాడు."

చేతిలో ఇంక వేరే పళ్ళు లేవు, ఆటకి వేళ కావస్తోంది. చేసేది లేక ఆ ముత్యాల వరసనే డ్రాగన్‌కి బిగించాడు.

బావమరిది, డ్రైవరు వచ్చారు. గుహ చివర గుడ్డ తొలగించి పళ్ళాయన గొంతు బొంగురు చేశాడు. "మీ ఎదుట... మహాసర్పం!"

డ్రైవరు తల వంచి చూశాడు. "గురూ, ఇది నవ్వుతోంది."

"నవ్వడం కాదు, కోరలు చూపిస్తోంది."

"కోరలేవీ? మా స్కూలు టీచరు ఇలాగే ఉండేది. కూర్చోమంటుందేమో అడుగు."

అప్పుడే వీధితలుపు తెరుచుకుంది. అత్తగారు. అల్లుడి పనితనం మెచ్చుకుందామని స్వయంగా వచ్చింది. నోరు తెరవగానే డ్రైవరు చేతిలో పాచికలు జారి సోఫా కిందకి దొర్లాయి.

పళ్ళాయన తడబడుతూ అసలు సంగతి చెప్పాడు. "అవి దానివండీ. మీవి దాని నోట్లో ఉన్నాయి. ఒక్క నిమిషంలో మార్చేస్తాను."

"మార్చడానికి వీల్లేదు" అని, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని డ్రాగన్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ దవడ నాదే కదూ?"

వంటింటి గుమ్మంలో భార్య తలపట్టుకుంది.

"ముక్కు మాత్రం నాది కాదు" అంది అత్తగారు, కుర్చీ లాక్కుని డ్రాగన్ పక్కనే కూర్చుంటూ. "ఊఁ, కానివ్వండి. దీని తరఫున నేనేం అనాలి?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేను... కత్తి దూసి ముందుకి వస్తున్నానండీ."

"చెప్పులతోనా?"

"బయట విప్పేశానండీ."

"కత్తి కూడా అక్కడే పెట్టి రా."

ఆ మనిషి మారుమాట లేకుండా తన బొమ్మ చేతిలోంచి గుండుసూదంత కత్తిని ఊడదీసి గుహ గుమ్మం బయట పెట్టాడు. పళ్ళాయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆ స్తంభం వెనక ఎవరు?"

"అమ్మా, నేను మంత్రం వేసుకున్నాను. నీకు కనబడను" అన్నాడు బావమరిది.

"నాకు కనబడవూ? నిన్ను కన్నదాన్నిరా! ఇవతలికి రా."

మాంత్రికుడు ఇవతలికి వచ్చాడు. కనబడకుండా ఉండే మంత్రం ఇంత తేలిగ్గా భంగమవుతుందా అని పళ్ళాయన నియమాలన్నీ నెమరువేసుకున్నాడు. కాదనడానికి ఒక్కటీ దొరకలేదు. ఆవిడ ఇద్దరినీ డ్రాగన్ కాపలా కాసే నిధి ముందు నిలబెట్టి, బంగారం మీద ఇంత దుమ్ము పేరుకుంటే మనుషులుండే చోటేనా ఇది అని కడిగేసింది. ఖడ్గవీరుడు నాణేలు తుడవడానికి పాచికలు వేశాడు. సరిగా పడలేదని మళ్ళీ వేయించింది. డ్రైవరు నుదుటి మీద నిజంగానే చెమట పట్టింది. అది చూసి పళ్ళాయనకి కడుపు నిండిపోయింది. ఎర్రరంగుతో కలిపి పెట్టుకున్న నెత్తురు సీసాని ఎవరూ చూడకుండా బల్ల కిందకి తోసేశాడు.

పొద్దు వాలేసరికి నిధి తళతళలాడింది. ఎవరూ చావలేదు. వచ్చే ఆదివారం గోడల బూజు దులుపుతామని ఒప్పుకుని వీరులిద్దరూ సెలవు తీసుకున్నారు.

అత్తగారు మాత్రం లేవలేదు. గుహని ఇంకా పరీక్షగా చూస్తోంది.

"బాబూ, దీనికి కిటికీ ఏది?"

"గుహకి కిటికీ ఉండదండీ."

"ఉండదని ఎవరన్నారు? కట్టింది మీరేగా?"

పళ్ళాయన గుహ వంక కాసేపు చూశాడు. తర్వాత చాకు తీసుకుని, వెలుగు ఏ వైపు నుంచి రావాలో ఆవిణ్ణే అడిగాడు.