గదమ కింద చెయ్యి

నంద జీలుగు చెట్టు దిగుతూ వెదురు నిచ్చెన కణుపు మీద కాలు జారి పడ్డాడు. చేతులు నేలకు ఆనకముందే గదమ, గడ్డం కొస, రాతికి తగిలింది. లేచి కూర్చుని, కల్లుబుర్ర పగిలిందేమోనని ముందు అటే చూశాడు. ఏదో అనబోయాడు గాని మాట రాలేదు, రక్తం కారింది. భార్య ఇర్మె అతని పెదవి కిందికి లాగి చూసింది. కింది పళ్ల వరుస నడుమ మెట్టు పడినట్టు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి ఉంది.

ఉసూర్ దవాఖానలో సునీత సిస్టర్ చెవుల ముందు వేళ్లతో నొక్కి చూసి, కింది దవడ విరిగిందని చెప్పింది. అది వంపు తిరిగిన ఎముక కాబట్టి ముందు దెబ్బ తగిలితే చెవి దగ్గర కూడా విరగొచ్చట. గదమ కింది నుంచి నడినెత్తి మీదికి తెల్లటి పట్టీ చుట్టి ముడి వేసింది. వెల్లకిలా పడుకోబెట్టొద్దని, రక్తం మింగకుండా ముందుకు వంగి కూర్చోవాలని, దవడ మాత్రం కదలకూడదని మరీమరీ చెప్పింది. అంబులెన్స్ కాన్పు కేసుకు పోయింది. తమ ఊరి మంగల్ నడిపే జీపు మాట్లాడుకుని బీజాపూర్ పెద్దాసుపత్రికి బయలుదేరారు. ఆధార్ కార్డు కోసం దారిలో ఇంటి దగ్గర ఆగారు.

నంద తల్లి జోగే వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. జీపులో కొడుకును చూడగానే చేట అక్కడే వదిలేసి వచ్చింది. ఆ ఊళ్లో గదమను నెత్తికి కలిపి బట్ట కట్టేది ఒక్కసారే. ప్రాణం పోయిన మనిషి నోరు తెరుచుకుని ఉండిపోకుండా కడతారు. నంద తండ్రికి అలా కట్టింది జోగేనే.

"ఏంది ఇది? బతికున్నోనికి ఈ కట్టు కడ్తరా?"

ఇర్మె లోపల కార్డు వెతుకుతుండగానే ఆమె ముడి విప్పేసింది. దవడ జారింది. నంద మూలుగుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

ఇర్మె బయటికి వచ్చేసరికి పట్టీ అత్త పిడికిట్లో ఉంది. సిస్టర్ కట్టిందాన్ని విప్పకూడదని మంగల్ నచ్చజెప్పబోయాడు. ఆ కట్టుతో తన కొడుకు గడప ముందు నుంచి కదలడని జోగే తెగేసి చెప్పింది. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉందని ఇర్మెకు తెలుస్తూనే ఉంది. అట్లాగని కట్టు లేకుండా ఆ గుంతల దారిన పోతే విరిగిన అంచులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పళ్లు మళ్లీ కలవకపోతే అతను జన్మలో సరిగా నమలలేడు.

"అత్తా, బట్ట వద్దంటే వద్దు. నీ చెయ్యి పెట్టు. బీజాపూర్ దాకా తియ్యకు."

జోగే కోడలి ముఖం చూసింది. పట్టీ ఆమె చేతికిచ్చి జీపు ఎక్కింది. అరచెయ్యి గదమ కింద పెట్టి, పళ్లు ఆనేదాకా మెల్లగా ఎత్తి, రెండో చెయ్యి తల వెనక ఆనించమని ఇర్మె చూపించింది.

ప్రతి గుంతకూ నంద కళ్లు మూసుకున్నాడు. జోగే చెయ్యి అలిసి కిందికి దిగుతుంటే ఇర్మె ఆమె మోచేతి కింద తువ్వాలు మడిచి పెట్టింది.

"పెద్దమ్మా, నంద నోరు మూసుకొని కూసునుడు ఇయ్యాలే చూసిన" అన్నాడు మంగల్. నంద గుడ్లురిమాడు. జోగే మాత్రం నవ్వలేదు.

బీజాపూర్ ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే ఫోటోలో రెండు చోట్ల విరుపు కనిపించింది. పైపళ్లూ కిందిపళ్లూ సరిగ్గా కలిపి తీగతో కట్టేస్తే ఎముక దాని చోట అతుక్కుంటుందని డాక్టర్ హిందీలో చెప్పాడు. ఇర్మె అత్తకు విప్పి చెప్పింది. కట్టు నోటి లోపలే ఉంటుందని తెలిశాక జోగే ఊపిరి పీల్చుకుంది. అయినా చెయ్యి తియ్యమని డాక్టర్ రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

తీగలు వేశాక కొన్నాళ్లు ఉంచి, ఇంటికి పొమ్మన్నారు. తీగలు విప్పేదాకా జావ, పాలు, పప్పుకట్టు మాత్రమే. వాంతి వచ్చి ఊపిరాడకపోతే తీగలు ఎక్కడ కత్తిరించాలో చూపించి, ఇర్మెకు చిన్న కట్టర్ ఇచ్చారు. ఆమె దాన్ని ఆ తెల్ల పట్టీలోనే చుట్టి కొంగున కట్టుకుంది. అత్త దాన్ని చూసి కూడా సంచి ఎత్తుకుని బయల్దేరింది.

తిరుగు బస్సు మొదటి గుంతలో పడగానే జోగే చెయ్యి దానంతటదే కొడుకు గదమ కిందికి పోయింది.

"అవ్వా, ఇడువు. తీగలున్నయ్" అన్నాడు నంద, బిగిసిన పళ్ల సందుల్లోంచి.

"ఉండనీ" అంది జోగే.