కొంచెం ఎక్కువ ఎక్కే మేక

పొద్దున్నే కోడలు పాలు కాచి గ్లాసులో పోసి ఇవ్వడం, అత్తగారు ఆ గ్లాసుని పగవాణ్ణి చూసినట్టు చూడటం ఆ ఇంట్లో రోజూ జరిగేదే. తాగితే కడుపుబ్బరం, తాగకపోతే నీరసం. ఆవుపాలు పడలేదు. గేదెపాలు అసలే పడలేదు. డబ్బాపాలు తాగిన రోజైతే ఆవిడ సాయంత్రం దాకా నోరు విప్పలేదు. ఆవిడ నోరు విప్పకపోవడమంటే చిన్న విషయం కాదు. కొడుకు భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు పొట్ట మీద రెండు వేళ్ళతో తట్టి, "మేకపాలు తాగి చూడండమ్మా," అన్నాడు.

"మేకపాలు ఎవరు పోస్తారు మనకి?" అంది అత్తగారు ఇంటికొచ్చాక.

"ఒకరు పోసేదేంటమ్మా, మనమే ఒక మేకని పెట్టుకుందాం," అన్నాడు కొడుకు. అతనికి వీధి చివర సైకిలు రిపేరు షాపుంది. ఏ చిక్కొచ్చినా కొత్తగా ఏదో ఒకటి కొని తేవడమే అతనికి తెలిసిన వైద్యం.

కోడలు తలకి రుమాలు చుట్టుకుని పనికి బయల్దేరింది.

ఆమెని అందరూ నిచ్చెనమ్మ అంటారు. పెళ్ళి కాకముందు నుంచీ గోడలకి రంగులేసే పనే. ఎంత ఎత్తు గోడైనా, ఎంత ఊగే పరంజా అయినా ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినంత తేలిగ్గా ఎక్కేది. మేస్త్రీ పెట్టిన పేరది. కానీ కిందటేడు వానల్లో తాడు జారి, పరంజా ఒరిగి, రెండో అంతస్తు నుంచి ఇసుక గుట్ట మీద పడింది. చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. అటక మీది డబ్బా తీద్దామని స్టూలెక్కినా మోకాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి కబుర్లు మొదలెట్టేవి. అప్పట్నుంచీ తలుపులకీ, కిటికీలకీ, గేట్లకీ, చెయ్యి అందినంత మేర గోడలకీ రంగులేస్తోంది. మేస్త్రీ మంచివాడు. పడిన సంగతి ఎత్తడు, పాత పేరుతోనే పిలుస్తాడు. పిలిచినప్పుడల్లా ఆమెకి చెప్పులో రాయి గుచ్చుకున్నట్టుండేది.

వాళ్ళ సందు మొదట్లో కొత్త గ్రంథాలయం లేస్తోంది. ఐదంతస్తులు. ఆ రోజు మేస్త్రీ ఆ గోడ కేసి చూస్తూ, కాసేపు చెవి గోక్కుని, "ముందు గోడ నీ చేత్తో వేయిద్దామనే ఈ పని ఒప్పుకున్నా," అన్నాడు. ఆమె నేల చూపులు చూసింది. "సరేలే నిచ్చెనమ్మా. కింద రంగులు కలుపుతూ ఉండు. అదీ పనే కదా."

అదీ పనే. నడుం వంగినవాళ్ళకి ఇచ్చే పని. ఆమె తలూపి, బకెట్టు ముందు కూర్చుంది.

సెలవు రోజు ముగ్గురూ మేకల దొడ్డికి బయల్దేరారు. నీరసంగా ఉంది కదా, ఇంట్లో ఉండమంటే అత్తగారు వినలేదు. "మొహం చూడకుండా దాని పాలు ఎలా తాగను?" అంది.

దొడ్డి యజమానురాలు తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉంది. మనిషి భారీగా ఉంది, మాట మాత్రం పొదుపు. చుట్టూ మేకలు రకరకాలు. సైకిళ్ళాయన చూపు వెంటనే ఓ పొడుగాటి మేక మీద పడింది. దాని ముక్కు వంపు తిరిగి ఉంది. చెవులు దండెం మీద తువ్వాళ్ళు ఆరేసినట్టు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"అమ్మా, ఆ చెవులు చూడు. ఎంత దర్జాగా ఉన్నాయో."

"చెవులు పిండితే పాలొస్తాయట్రా?" అంది తల్లి.

"పాలిస్తుంది," అంది దొడ్డామె. "కానీ ఆ ఒంటికి తగ్గ మేత కావాలి. మీ ఇంట్లో దొడ్డెంత?"

దొడ్డెంతో చెప్పాడు. ఆమె మేకని పక్కకి తోలేసింది.

తర్వాత కొమ్ముల్లేని తెల్ల మేక. చూడముచ్చటగా ఉంది. బిందెడు పాలిస్తుందట గానీ ఎండకి ఒళ్ళు కందుతుంది, వానకి జలుబు చేస్తుంది. "నేనొక దాన్ని చాలు ఆ ఇంట్లో," అంది అత్తగారు. ఆ పక్కన నేలని ఊడుస్తున్నట్టు బొచ్చు వేలాడేసుకుని ఇంకోటి. దాన్ని రోజూ దువ్వాలట. "నా తల నేను దువ్వుకునే ఓపిక లేదు," అంది. పొట్టి కాళ్ళ నల్ల మేకలు రెండు ఉన్నాయి, గట్టి రకం, ఏది పడితే అది తింటాయి. కానీ ఆ జాతి మాంసానికి పెంచేదే తప్ప పాలకి కాదని దొడ్డామే చెప్పింది.

నిచ్చెనమ్మ ఇవేవీ వినడం లేదు. మూలన ఒక మేక ఆమెనే చూస్తోంది. గోధుమరంగు, నిటారు చెవులు, మెడ కింద రెండు చిన్న లోలకులు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఆమె దగ్గరికెళ్ళి పొదుగు కింద చెయ్యి పెట్టింది. మెత్తగా, ఎక్కడా గడ్డ లేకుండా ఉంది. గిట్టలు సమంగా ఉన్నాయి. మేక తిరిగి ఆమె రుమాలు అంచుని నోట్లో పెట్టుకుని, రుచి ఎలా ఉందో చెప్పబోతున్నట్టు ఆలోచనలో పడింది.

"రెండో ఈత. పిల్లలు పాలు మానేశాయి," అంది దొడ్డామె. "మంచి జాతి. ఒక్క మాట ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకూడదు. ఇది ఎక్కుతుంది."

"మేకలన్నీ ఎక్కుతాయిగా," అన్నాడు సైకిళ్ళాయన.

"ఇది కొంచెం ఎక్కువ ఎక్కుతుంది."

"మెడకింద ఆ లోలకులు దేనికి?" అంది అత్తగారు.

"దేనికీ కాదు."

"అయితే మా వాడికి తోడు," అంది అత్తగారు. ఆ మాటతో బేరం కుదిరిపోయింది.

కొంచెం ఎక్కువ అంటే ఎంతో మర్నాడు పొద్దున తెలిసింది. నిచ్చెనమ్మ చెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి రాటకి కట్టిన తాడు నిటారుగా పైకి లేచి ఉంది. ఆ తాడు కొసన, కిటికీ సజ్జాకి సమంగా, గాలిలో మేక నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనినట్టే ఆనించి తాపీగా నెమరేస్తోంది.

"తాడు పొడుగు చాలట్లేదు దానికి," అన్నాడు మొగుడు పళ్ళు తోముకుంటూ. షాపుకెళ్ళి ఇంకాస్త తాడు తెచ్చాడు. పక్కింటి మంగలాయన గోడ మీంచి తొంగి చూసి, "ఏ జాతి?" అని అడిగాడు. చెప్పారు. "ఆ జాతి చురుకే," అని గడ్డం గీయడానికి లోపలికెళ్ళిపోయాడు.

మేక గాలిలో నిలబడినందుకు ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పాలతోనే వచ్చింది. కిందకి లాగి పొదుగు కడిగి ఎంత నిమిరినా అది పాలు చేపలేదు. పాలన్నీ ఎగబట్టుకుని, ఎవరో ఏదో అడుగుతున్నారు, మనకెందుకులే అన్నట్టు నిలబడింది. వదిలేయగానే పైకెళ్ళి, గాలి తగలగానే చేపింది. పాలు చుక్కలు చుక్కలుగా కారి మంగలాయన పెరట్లో గడ్డానికి కూర్చున్న మనిషి బట్టతల మీద పడ్డాయి. ఆయన పైకి చూసి, జేబురుమాలుతో తుడుచుకుని, "వెచ్చగా ఉన్నాయి," అన్నాడు.

మొగుడు నిచ్చెన వేసుకుని ఎక్కి, చన్ను పట్టుకుని మెలితిప్పాడు. మేక వెనక కాలితో చెంబు తన్నింది. చెంబు అతని మీదా, అతను బొగ్గుల బస్తా మీదా పడ్డారు. కింద నుంచి అత్తగారు, "సైకిలు చక్రం అనుకున్నావా, గట్టిగా తిప్పడానికి?" అంది. ఖాళీ గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది. రెండు మెట్లు ఎక్కితేనే ఆయాసపడే మనిషి. మొగుడి నుంచి అత్తగారి మీదకి, అక్కణ్ణించి గ్లాసు మీదకి మళ్ళింది నిచ్చెనమ్మ చూపు.

"దాన్ని కాస్త కిందకి లాగి పట్టుకోండి," అంది మొగుడితో. "స్టూలు అందేంత."

స్టూలు మీద నిలబడింది. మోకాళ్ళు కబుర్లు మొదలెట్టాయి. కానీ రెండు చేతులూ చన్నుల మీద, కళ్ళు చెంబులో, చెవులు పాలధార చప్పుడు మీద. ఒక చేతి ధార తప్పితే పాలు నేలపాలు. మోకాళ్ళ కబుర్లు వినే తీరిక దొరకలేదు. ఆ రోజు అత్తగారు సగం గ్లాసు తాగి కాసేపు ఆగింది. ఉబ్బరం రాలేదు. మిగతా సగం కూడా తాగి, గ్లాసు తిరగేసి చూసి, "రేపు ఇంకాస్త పెద్ద గ్లాసు పెట్టమ్మాయ్," అంది.

ఎండలు ముదిరాయి. పెరట్లో ఆకు కదలడం లేదు. మేక గాలి కోసం వెతుక్కుంటూ రోజురోజుకీ కాస్త పైకి పోసాగింది. ముందు స్టూలు సరిపోలేదు, నిచ్చెన వేయాల్సొచ్చింది. తర్వాత నిచ్చెన చివరి మెట్టు. ఆ తర్వాత డాబా పిట్టగోడ. ఒక్కో కొత్త ఎత్తులో మొదటిరోజు ఆమె ఒళ్ళు చెమటలు పట్టేది. మేక మాత్రం ఆమె వచ్చేదాకా చేపకుండా ఆగి, ఆమె చెయ్యి తగలగానే వదిలేది. "అలా నన్నే చూడకు, వస్తున్నా," అని దానితో మాట్లాడుతూ ఎక్కేది. మాటల్లో పడి మెట్లు మర్చిపోయేది. అత్తగారు బుగ్గలు నిండి, మంగలాయన భార్యతో గోడ మీంచి పోట్లాడే స్థితికొచ్చింది. ఆ పోట్లాట విని కొడుక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి. మళ్ళీ మా అమ్మ మా అమ్మయింది అన్నాడు.

ఒక పొద్దున్న డాబా మీద కూడా మేక లేదు. తాడు తెగి, కొస గాలికి ఊగుతోంది. నిచ్చెనమ్మ చెంబుతో వీధిలోకి పరిగెత్తింది. సందు మొదట్లో జనం తలలు పైకెత్తి ఉన్నారు. గ్రంథాలయం పై అంతస్తు దగ్గర, పరంజా చివరి పలకకి ఆనుకుని, చల్లగాలి తగిలేచోట గోధుమరంగు మచ్చ ఒకటి కనబడింది. అప్పుడే ఒక చుక్క పాలు వచ్చి మేస్త్రీ చేతిలోని టీలో పడింది.

"మీ మేకే," అన్నాడు మేస్త్రీ టీ కలుపుకుంటూ.

"నిన్నట్నుంచీ పితకలేదు. పొదుగు పగిలిపోతుంది దానికి," అంది నిచ్చెనమ్మ. చెంబు అంచుని పళ్ళ మధ్య కరుచుకుని, పరంజా కర్ర పట్టుకుని ఎక్కడం మొదలెట్టింది.

మేస్త్రీ టీ ఒక్క గుక్కలో తాగేశాడు. పనివాళ్ళంతా బ్రష్షులు ఆపారు.

ఆమెకి ఆ సంగతేమీ తెలియదు. కర్ర తర్వాత కర్ర, పలక తర్వాత పలక. కాలు ఎక్కడ మోపాలో పాదాలకే గుర్తుంది. పైకి చేరి, చివరి పలక మీద కూర్చుని, కాళ్ళు కిందకి వదిలేసి, ఒళ్ళో చెంబు పెట్టుకుంది. ఎదురుగా గాలిలో నిలబడ్డ మేక ఒక అడుగు దగ్గరికి జరిగింది. పాలు నురగలు కడుతూ చెంబు అంచుదాకా వచ్చాయి. ఆఖరి ధార అయ్యాక ఆమె చెయ్యి దులుపుకుని, అప్పుడు కిందకి చూసింది.

తన వీధి అంతా కనిపించింది. సైకిలు షాపు రేకులు, మంగలాయన పెరట్లో ఆరేసిన తువ్వాళ్ళు, ఇసుక గుట్ట పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ అత్తగారు. మొగుడు రెండు చేతులూ చాపి, ఆమె పడితే పట్టుకుందామన్నట్టు అటూ ఇటూ జరుగుతున్నాడు. ఇంక వణుకొస్తుంది అనుకుని ఆమె పలకని గట్టిగా పట్టుకుంది. మోకాళ్ళు ఒకసారి కదిలాయి. మేక ఆమె భుజం మీద గడ్డం ఆనించి నెమరేయసాగింది. ఆ నమిలే చప్పుడు వింటూ ఆమె వణుకు కోసం ఎదురుచూసింది. మోకాళ్ళకి చెప్పుకోడానికి ఏమీ మిగిలినట్టు లేదు.

అప్పుడామె పక్కకి తిరిగి గోడని చూసింది. ఎవరో కొత్తవాడు వేసిన అంచు. పైన దట్టంగా, మధ్యలో పల్చగా, కిటికీ మూల దగ్గర కారిపోయి గట్టిపడిన రంగు. కింద నుంచి చూస్తే తెలియదు. ఇక్కణ్ణించి చూస్తే నిద్ర పట్టదు. వేలితో గీకి చూసి, పెదవి విరిచింది.

బకెట్టు లాగే తాడుకి చెంబు కట్టి, పాలు తొణక్కుండా మెల్లగా కిందకి వదిలింది.

"మేస్త్రీ గారూ, ఈ మూల ఎవరు వేశారు?"

కిందంతా ఎవరి చెప్పుల కేసి వాళ్ళు చూసుకున్నారు.

"పోనీండి. గీకుడు రేకు, పెద్ద బ్రష్షు, తెలుపు బకెట్టు పంపించండి. నీళ్ళు ఎక్కువ పోయొద్దని చెప్పండి కలిపేవాళ్ళకి."

మేస్త్రీ ఎవరికీ పురమాయించలేదు. తనే వంగి రంగు కలిపి, ముడి రెండుసార్లు బిగించి, తాడు లాగి చూసి పైకి పంపాడు. అత్తగారు అక్కడే ఇసుక మీద చతికిలబడి, చెంబు ఎత్తి పాలు గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"అమ్మాయ్," అని కేకేసింది. "ఇవాళ వంట నేను చెయ్యాలా ఏంటి?"

"మీరే చెయ్యండి అత్తయ్యా," అంది పైనుంచి గొంతు. "ఈ గోడ చాలా ఉంది."

మేక చల్లగాలికి ముందుకాళ్ళు మడిచి, పలక పక్కన ఏమీ లేని చోట పడుకుంది. నిచ్చెనమ్మ రుమాలు బిగించి, బ్రష్షు ముంచి, అంచుకి రాసి అదనపు రంగు తీసేసి, పైనుంచి కిందకి మొదటి గీత గీసింది.