కడగని బండ

కుళాయి గుర్రుమని ఒక్క చుక్క రాల్చి ఊరుకుంది. చేపలత్త ఖాళీ బిందెతో నిలబడిపోయింది.

పొద్దున బేరాలు మొదలయ్యే గంట కొట్టే వేళయింది. తరాల నాటి ఆ మార్కెట్లో చేపల వరసకి ఒక కట్టుబాటు ఉంది. గంట కొట్టేలోగా చేపలు కోసే బండ ఎవరిది వాళ్లు కడుక్కోవాలి. కడగని బండ వదిలేసిన బండే. ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మంచాన పడ్డవాళ్ల చోటు ఊరికే పడి ఉండకూడదని పాతవాళ్లు పెట్టుకున్న మాట అది. ఇప్పుడది కాంట్రాక్టరు చేతిలో కత్తయింది. మార్కెట్ చూడ్డానికొచ్చే షోకిలాల కోసం అత్త బండ ఉన్న మూల కాఫీ కొట్టు పెట్టించాలని ఆయన ఎత్తు.

"నీళ్లు కట్టేశావేం మేస్త్రీ?"

"పైపు రిపేరత్తా."

"ఐసు కొట్టోడికి ధారగా పడుతోందే!"

"పైపులక్కూడా ఇష్టాయిష్టాలుంటాయి మరి!" కాంట్రాక్టరు పెట్టిన మేస్త్రీ పళ్లికిలించాడు.

బిందె పట్టుకుని అవతలి కుళాయికి పోతే చోటు వదిలి పోయిందంటారు. పోకపోతే బండ కడగలేదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడు పోయాక అత్త ముగ్గురు పిల్లల్ని సాకింది ఆ బండ మీదే. గుమ్మం దగ్గర అప్పుడే కొందరు తలలెత్తి పాత ఇనుప కప్పుకి ఫొటోలు తీస్తున్నారు. "ఎంత బావుందో!" అంటోంది ఒకావిడ. కప్పు కింద ఏం జరుగుతోందో ఎవరూ చూడటం లేదు.

ఎదురు వరస ఆకుకూరల మామ తన బకెట్టెత్తాడు. కట్టల మీద చల్లుకునే నీళ్లవి. నాలుగడుగులు వేసి, సరిగ్గా అత్త ముందు తూలాడు. బకెట్టు మొత్తం బండ మీద బోర్లాపడింది.

"అయ్యయ్యో, కాలు జారింది చెల్లెమ్మా! ముసలి కాలు, పెళ్లాం కంటే మొండిది, చెప్పిన మాట వినదు."

అత్త అప్పటికే చీపురందుకుంది. బరబరా తోమింది. గంట మోగింది.

మేస్త్రీ ముఖం కందగడ్డయింది. "అరువు నీళ్లు చెల్లవు! ఒరేయ్ ఏనుగూ, ఈవిడ చేపల గంప బయట పడెయ్!"

వెదురు కర్రలా ఉండే హమాలీని అంతా ఏనుగనే పిలుస్తారు. రోజూ ఎవరికి మోత దొరకాలో తేల్చేది మేస్త్రీయే. ఏనుగు గంప దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏరా, నీకూ కాలు జారిందా?"

"లేదు. కాలూ బాగానే ఉంది, చెయ్యీ బాగానే ఉంది. ఎత్తను."

వరసంతా కత్తుల చప్పుడు ఆగింది.

"రేపట్నించి నీకిక్కడ మోత లేదు!"

ఏనుగు తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు గానీ కదల్లేదు.

మేస్త్రీ తనే వంగి గంప అంచు పట్టుకున్నాడు. అవతలి అంచు పట్టుకోడానికి ఎవరూ రాలేదు.