తప్పెట మోగని సందు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆ పట్టణంలో డేరాలు వేసుకుని బతికేవాళ్ళు రెండు తెగలుగా ఉండేవారు. మొదటి తెగవారికి డేరా ముందర బిళ్ళబంట్రోతు, డేరా లోపల బల్ల, బల్లమీద సిరాబుడ్డి ఉండేవి, వారిని ప్రభుత్వమనేవారు. రెండవ తెగవారికి డేరా అంటే నాలుగు కర్రలమీద పరిచిన గోనెపట్టా. వారిని ఏమనాలో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. ఎండ ఇద్దరినీ ఒకే విధంగా మాడ్చేది. ఈదురుగాలి ఇద్దరి పైకప్పులనూ ఒకే విధంగా లేవదీసేది. అయితే ఎగిరిపోయిన కప్పును వెతికి తెచ్చేందుకు మొదటి తెగవారికి మనుషులుండేవారు.

రెండవ తెగకు చెందిన ఒక మహాసంస్థానం పాతకోట గోడ కింది సందులో వెలసింది. కరువు దాని స్థాపకుడు. ఆదోని దిక్కునుంచి వచ్చి మండీలో బండి లాగే సుంకన్న దాని సేనాపతి. బద్వేలు దగ్గరి పల్లెలో చర్చి వాకిలి ఊడ్చుకుంటూ బతికి, కొడుకు పోయాక ఊరు విడిచిన రత్నమణవ్వ దాని రాజగురువు. గోడలో ఒక రాయి ఊడిపోగా ఏర్పడిన గూడు దాని దేవాలయం. ఆ గూటిలో అహోబిలం నరసింహస్వామి పటం, రెండు ఇనుప చువ్వలను అడ్డంగా కట్టిన సిలువ, ఏదో దర్గానుంచి తెచ్చిన పచ్చగుడ్డ పీలిక ఇరుకిరుగ్గా సర్దుకుని ఉండేవి. పండితులు తరతరాలుగా సాధించలేని మతసమన్వయాన్ని స్థలాభావం అక్కడ సునాయాసంగా సాధించింది. ముగ్గురికీ కలిపి దీపం ఒకటే. నూనె పోయడం వంతులవారీ.

ఆ సంస్థానానికి రాజ్యాంగం కూడా ఉండేది. అది ఒకే ఒక వాక్యం: "జరగండప్పా, మనిషొచ్చినాడు."

రాయచోటి దగ్గరి గంజికేంద్రం మూతపడ్డాక, భార్యను మట్టిలో కలిపి, తప్పెట ఒక్కటే భుజాన తగిలించుకుని కంబన్న ఆ సందులో అడుగుపెట్టిన సాయంత్రం రత్నమణవ్వ నోట వెలువడింది ఆ వాక్యమే. ఎవరు, ఏ కులం, ఎన్నాళ్ళుంటావు అని ఎవరూ అడగలేదు. చాపలన్నీ తలా ఒక జానెడు జరిగాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది. ఎడమపక్క సుంకన్న గురక, కుడిపక్క అవ్వ గొణిగే కీర్తన. ఈ భూమండలం మీద తనకోసమని ఎవరైనా జరిగి ఇచ్చిన స్థలం అదొక్కటేనని కంబన్నకు తోచింది.

అదృష్టదేవత అంతటితో ఆగక అతనికి ప్రభుత్వోద్యోగం కూడా ప్రసాదించింది. పట్టణ సుందరీకరణ సంఘమనేది ఒకటి కొత్తగా డేరా వేసుకుంది. దాని ఉత్తరువులను వీధివీధినా చాటేందుకు ఒక తప్పెట, ఒక గొంతు కావలసివచ్చాయి. కంబన్నకు రెండూ ఉన్నాయి. "ఇందుమూలముగా సకల జనులకు తెలియజేయడమేమనగా" అని అతను ఎత్తుకుంటే బజారులో బేరాలు ఆగిపోయేవి. అతని నోటికి వచ్చేవరకు ఉత్తరువు ఉత్త కాగితం, వచ్చాకే శాసనం.

పల్లెటూళ్ళనుంచి వచ్చిన ఆ సందువాళ్ళందరి నమ్మకమూ అదే. జాతర చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటకూడదు. కానీ తప్పెట తన వీధికి రాలేదని రుజువు చేసుకోగలిగినవాడు దాటవచ్చు, అమ్మవారు కూడా తప్పుపట్టదు. తప్పెట మోగిన వీధికే ఉత్తరువు. మోగని వీధికి లేదు. ఇది ఏ చట్టంలోనూ రాసిలేదు కనుక దీన్ని ఎవరూ రద్దు చేయలేకపోయారు.

ఒక బుధవారం పొద్దున సంఘం గుమాస్తా సుందరం అతన్ని డేరాలోకి పిలిచాడు. సుందరం మద్రాసునుంచి కార్యాలయంతోపాటు తరలివచ్చినవాడు. కర్నూలు ఎండను వ్యక్తిగత అవమానంగా భావించేవాడు.

"ఒరేయ్ కంబన్నా, శుక్రవారం పొద్దున ఢిల్లీనుంచి పెద్దాయన వస్తున్నాడు. ఆయన కంటికి దరిద్రం కనిపించకూడదు."

"దరిద్రాన్ని యాడికి పొమ్మంటారు సామీ?"

"అది మన శాఖ కాదు. బస్టాండు వెనక, రైలుకట్ట పక్క, కోటగోడ సందు. మూడుచోట్లా చాటు. శుక్రవారం తెల్లవారేసరికి ఖాళీ చేయాలి. చేయకపోతే లారీ వస్తుంది. గుడిసెలు పీకి, సామాను ఎత్తుకుపోతుంది. ముందుగా చెప్పలేదని రేపు ఎవడూ ఏడవకూడదు."

కంబన్న బస్టాండు వెనక చాటాడు. రైలుకట్ట పక్క చాటాడు. కోటగోడ సందు మొగదలకు వచ్చి నిలబడ్డాడు. లోపల రత్నమణవ్వ గూటి ముందు కూర్చుని వత్తి చేసుకుంటోంది. అతన్ని చూసి, "వచ్చినావా నాయనా, సంగటి మూతపెట్టి ఉంచినా," అంది.

పుల్ల తప్పెటను తాకలేదు. చర్మం మెత్తబడిందనీ, మళ్ళీ మంటమీద కాచుకుని సాయంత్రం కొడదామనీ అతను తనకు తాను చెప్పుకున్నాడు. నిప్పుల కొలిమిలాంటి ఆ మధ్యాహ్నం తప్పెట చర్మం మెత్తబడడమనే అద్భుతాన్ని నమ్మడానికి అతనికి ఎక్కువ వాదన అవసరం కాలేదు. అసలు సంగతి వేరు. ఆ మాట తన నోట వస్తే, తాను వాళ్ళ మనిషి కాకుండా పోతాడు. డేరా మనిషి అవుతాడు. చాపలు ఎలా జరిగాయో అలాగే మళ్ళీ దగ్గరికి జరిగిపోతాయి. అందుకని కంబన్న సంగటి తిన్నాడు. సాయంత్రం కూడా తప్పెట కాచుకోలేదు.

మరునాడు పొద్దున్నుంచి కోటగోడ పక్కగా మూటలు నడవసాగాయి. రైలుకట్ట జనం, బస్టాండు జనం, తలలమీద వంట సట్లు, చంకల్లో పిల్లలు. సుంకన్న సందు మొగదల నిలబడి విచారించి, ఆనందంతో పొంగిపోతూ తిరిగొచ్చాడు.

"అవ్వా, విన్యావా? రైలుకట్ట కాడ మోగింది. బస్టాండు ఎనక మోగింది. మన సందులో మోగల్యా! అంటే ఏంది? మనకు లేదు. గవర్మెంటులో మనోడు ఒగడు ఉండాల్లప్పా, దుడ్లుంటే సాలదు!"

"మనిషి సేతిలో ఏముందిరా సుంకా!" అంది రత్నమణవ్వ. "బైబిల్లో దానియేలు కోసరం సింహాల నోళ్ళు మూసిన దేవుడు, మన కోసరం తప్పెట నోరు మూసినాడు."

కంబన్న ఏదో అనబోయాడు. ఆ వేదాంతంలో ఉన్న చిన్న పొరపాటును సరిదిద్దగలవాడు ఆ సందులో అతనొక్కడే. కానీ సుంకన్న అప్పటికే తంగేడుపూలు తెంపుకొచ్చి దండ కట్టి తప్పెట మెడలో వేశాడు. తప్పెటను గూటి కింద మేకుకు తగిలించారు. ఆ విధంగా అది ఆ దేవాలయంలో నాలుగో దైవమైంది. నైవేద్యంగా బెల్లంముక్క పెట్టారు. అర్చకుడైన కంబన్నకు కూడా ఒక ముక్క అందింది. అతను దాన్ని పక్కనున్న పిల్లవాడి చేతిలో పెట్టాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మూటలతో పోతున్నవాళ్ళను చూసి రత్నమణవ్వ సందు మొగదలకు నడిచింది.

"యాడికి పోతాండారమ్మా ఈ ఎండలో?"

"యాడికో తెలిస్తే ఇంత నెమ్మదిగా పోతామా అవ్వా?" అంది నిండుగర్భంతో ఉన్న రైలుకట్ట తిరుపతమ్మ.

"ఈడికి రాండి. ఇది మోగని సందు." అవ్వ వెనక్కి తిరిగి గొంతెత్తింది. "జరగండప్పా, మనుషులొచ్చినారు!"

చాపలు జరిగాయి. మళ్ళీ జరిగాయి. మధ్యాహ్నానికి సందులో కాలు పెట్టే చోటు లేదు. చాటింపు విని బుద్ధిగా ఖాళీచేసి, ప్రాణమూ సట్టీ దక్కించుకుని వెళ్ళిపోతున్న కుటుంబాలన్నీ, చాటింపు పడని ఒకే ఒక్క చోటుకు, అంటే లారీ నేరుగా వచ్చే చోటుకు, ఆతిథ్యం పుచ్చుకోవడానికి చేరాయి. తిరుపతమ్మకు గోడ నీడలో కంబన్న చోటే ఇచ్చారు. ఆమె ఆ చాపమీద వెల్లకిలా పడుకుని, కడుపుమీద చెయ్యి వేసుకుని, హాయిగా కళ్ళు మూసుకుంది. కంబన్న ఆ కళ్ళవైపు చూడలేక లేచి సుందరం డేరాకు పరుగెత్తాడు.

"సామీ, కోటగోడ సందును ఒగదాన్ని ఇడిసిపెట్టండి. ఆడ కడుపుతో ఉండే మనిషుండాది."

"చాటావుగా?" అన్నాడు సుందరం, తల ఎత్తకుండా.

కంబన్న నోరు తెరిచాడు.

"చాటినా సామీ," అంది సకల జనులకు వినిపించే ఆ గొంతులోనుంచి ఒక పీలస్వరం.

"మరేం? విన్నవాళ్ళు వెళ్ళిపోతారు."

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కంబన్న ఎవరితోనూ మాట్లాడకుండా మేకుమీదినుంచి తప్పెట దించాడు. దండ తీసి పక్కన పెట్టాడు. వరిగడ్డి ముట్టించి చర్మం కాచసాగాడు. పండగ చేస్తున్నాడనుకుని పిల్లలు చుట్టూ చేరారు. సుంకన్న ఈల వేశాడు. "కొట్టప్పా, సందు అదిరిపోవల్ల!"

కంబన్న కొట్టాడు.

"ఇందుమూలముగా కోటగోడ సందులోని సకల జనులకు తెలియజేయడమేమనగా! రేపు తెల్లవారేసరికి ఈ సందు ఖాళీ చేయవలెను! చేయనిచో లారీ వచ్చును! గుడిసెలు పీకబడును! సామాను ఎత్తుకుపోబడును! ఈ చాటింపు నిన్ననే చాటవలసియుండగా, కంబన్న అనువాడు, మీరు జరిగి చోటిచ్చిన కంబన్న అనువాడు..."

అక్కడ శాసనభాష చేతులెత్తేసింది. అతని దగ్గర మిగిలింది ఊరిభాష ఒకటే.

"...సెప్పల్యాదప్పా. దేవుడు గాదు నోరు మూసింది. నేనే. సెప్తే మీ పక్కన సోటు పోతాదని బయపడినా."

పిల్లలలో ఒకడు ఇంకా ఎగురుతూనే ఉంటే తల్లి చెయ్యిపట్టి ఆపింది.

"నీ తప్పెట కాల!" అన్నాడు సుంకన్న. "మాకు సెప్పకపోతే సెప్పకపోయినావు. మా సేత ఊరందర్నీ సుట్టాల మాదిరి పిలిపిస్తివి గదరా! లారీ కిందికి మర్యాద సేసి పిలిపిస్తివి!"

"ఒగ దినంలో రెండుతూర్లు మూట కట్టించినావు గదన్నా," అంది తిరుపతమ్మ, గోడ పట్టుకుని లేస్తూ. "మూడోతూరికి సావు తప్పెట కొడతావేమో, ముందే సెప్పు."

రత్నమణవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే కంబన్న ఆమె కాళ్ళమీద పడి ఉండేవాడు. దానికి అతను సిద్ధపడే ఉన్నాడు.

"నా దేవుని సేత అబద్దమాడిస్తివే కంబన్నా," అని మాత్రం అంది. గూటిలోనుంచి పటాన్నీ సిలువనూ పచ్చగుడ్డనూ ఒకే కొంగులో మూటగట్టుకుంది. దీపాన్ని చేతిలో పట్టుకుంది. తంగేడుదండను అక్కడే వదిలేసింది.

సంస్థానం తరలింది. రాజధాని నడిబొడ్డునుంచి హంద్రి ఏటి ఇసుకలోకి, వెలుతురు పూర్తిగా పోకముందే, సట్లు గోనెపట్టాలతోసహా. ఏ లారీకీ ఒక్క చాపైనా మిగల్లేదు. సుంకన్న బండిమీద తిరుపతమ్మను కూర్చోబెట్టి లాగాడు. బండి ఇసుకలో దిగబడినప్పుడు కంబన్న వెనకనుంచి తోశాడు. తోయనిచ్చారు. కృతజ్ఞతలు చెప్పే ఆచారం ఆ సంస్థానంలో ఎప్పుడూ లేదు గనుక, చెప్పకపోవడంలో ఉన్నది కోపమో అలవాటో అతనికి అర్థం కాలేదు.

ఏటి ఒడ్డున చాపలు పరిచారు. కంబన్న దూరంగా, తప్పెట పక్కన, ఇసుకలో కూర్చున్నాడు. సుంకన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రేపట్నుంచి ఏ సాటింపైనా ముందు ఈడ కొట్టి, తరవాతే ఊర్లో కొట్టల్ల. మంచిదైనా, సెడ్డదైనా. తెలిసిందా?"

"తెలిసింది."

"సామి మీద ఒట్టు?"

"ఒట్టు."

సుంకన్న వెళ్ళిపోయాడు. రెండు రాళ్ళ మధ్య ముగ్గురు దేవుళ్ళనూ నిలబెట్టి, దీపానికి చెయ్యి అడ్డంపెట్టి, రత్నమణవ్వ చాపలవైపు తిరిగింది. కంబన్నవైపు చూడలేదు.

"జరగండప్పా," అంది.

చాపలు తలా ఒక జానెడు జరిగాయి. చోటు ఏర్పడింది. కంబన్న మిగతా మాటకోసం ఆగాడు. అవ్వ వత్తి సరిచేసుకుంటూ కూర్చుంది. ఆ వాక్యంలో రెండో ముక్క ఆమె నోట రాలేదు.

అతను వెళ్ళి ఆ ఖాళీలో పడుకున్నాడు. చోటు మనిషికి సరిపడేంతగానే ఉంది. ఎడమపక్క సుంకన్న అటు తిరిగి పడుకున్నాడు. ఎంతసేపు చెవి ఒగ్గినా గురక వినిపించలేదు.