కురుమూర్తి చెప్పుకునే శనివారం

కృష్ణ మీంచి గాలి... తడి ఇసుక వాసన మోసుకొచ్చే గాలి.

ఆ గాలిలోనే మఠంలో అన్నం ఉడికేది.

బీచుపల్లికి దిగువన, ఏటి ఒడ్డు మఠం అది. కురుమూర్తి అక్కడ వంటవాడు. నైజాం జైలు నుంచి వచ్చాక ఆత్మకూరులో అతనికెవరూ పని ఇవ్వలేదు. కూలికి పిలవలేదు. గొడ్లు కాయడానికైనా పెట్టుకోలేదు. సొంత తమ్ముణ్ణి చంపిన చేతులు — ఆ చేతుల్ని ఎవరూ తమ చేలో పడనివ్వలేదు.

మఠం స్వామి ఒక్కడే రమ్మన్నాడు. ఊరు వెలేసినవాళ్ళకు పని చూపించడమే దేవుడి సేవ అనుకునే మనిషి.

ఒక్కటే అడిగాడు.

"శనివారం భక్తులొస్తరు. వాళ్ళ ముందర నిలబడి నువ్వు చేసింది చెప్పాలె, నాయనా. చెప్పుకుంటెనే పాపం కరుగుతది."

మొదటి శనివారం సగంలోనే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత చివరిదాకా చెప్పాడు. చేను గట్టు కాడ మాటామాటా పెరిగింది... పార ఎత్తిన... తమ్ముడు భీమయ్య పడ్డడు... పాణం పోయింది.

ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. మగవాళ్ళు పిల్లల్ని ముందుకు తోసేవారు, బాగా వినమని. విని, అతను వండిన అన్నం తినేవారు.

చెప్పగా చెప్పగా ఆ మాటలు నున్నబడ్డాయి. ఏటి రాళ్ళలా. లోపల కోయడం మానేశాయి.

కరిగిందనుకున్నాడు.

ఎండాకాలం ఒక శనివారం, జనం వెనకాల తల్లి కనిపించింది. బాలనాగమ్మ. జైలుకు ఒక్కసారీ రాని మనిషి.

"అయ్యా... మా అమ్మొచ్చింది. ఇయ్యాల వద్దు."

"ఇయ్యాలనే చెప్పాలె," అన్నాడు స్వామి. ప్రేమగానే అన్నాడు.

చెప్పాడు. గట్టు... పార... తమ్ముడు. ఒక్క మాటా తడబడలేదు. తడబడనందుకు అతనికే భయమేసింది.

జనం భోజనాలకు లేచారు. తల్లి లేవలేదు. అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ముట్టుకోలేదు.

"గంత జల్ది పోయిండా నా కొడుకు?"

ఇసుక వైపు చూశాడు.

"లేదమ్మా. పొద్దుగూకేదాంక ఉన్నడు."

"ఏమన్నడు?"

గాలి వీస్తోంది.

"చెప్పు. అందరికీ చెప్పవడ్తివి గద."

"'అన్నా, అమ్మను పిలువు' అన్నడు."

"నేను ఇంట్లనే ఉంటి గదరా."

"నువ్వొస్తే... కొట్టింది నేనని చెప్తడని. వాడు పోయేదాంక ఆడనే కూసున్న."

తల్లి లేచింది. అన్నం ముట్టలేదు. ఏటి వైపు నడిచింది. అవతలి ఒడ్డుకు పోయే పుట్టి పడవ ఎక్కింది. ఇటు తిరగలేదు.

భుజం మీద చెయ్యి పడింది. వెనక స్వామి. అంతా విన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"అసలుది ఇయ్యాల బయటవడ్డది, నాయనా. వచ్చే శనివారం గిది గూడ చెప్పు."

కురుమూర్తి తల ఊపాడు. కాదంటే ఎక్కడికి పోతాడు?

పొయ్యి దగ్గరికి నడిచాడు. పుట్టి నడి ఏట్లో చిన్నదవుతోంది... గాలి మాత్రం ఇటే వస్తోంది.

అతని పెదవులు అప్పుడే కదులుతున్నాయి —

పొద్దుగూకేదాంక ఉన్నడు... అమ్మను పిలువు అన్నడు...